అమెరికా తొలి చరిత్ర కోర్సు: ఎస్సేలో మార్కులు ఎక్కడ పోతాయి, చర్చలో ఏం మాట్లాడాలి

టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ చెయ్యాలంటే మేజర్ కంప్యూటర్ సైన్స్ అయినా, మెకానికల్ అయినా అమెరికా చరిత్రలో 6 క్రెడిట్లు పూర్తి చెయ్యాల్సిందే. అక్కడి చట్టం అలా ఉంది. మిగతా రాష్ట్రాల్లోనూ జనరల్ ఎడ్యుకేషన్ పేరుతో ఈ కోర్సు చాలామందికి తగులుతుంది. మామూలుగా దీన్ని రెండు సెమిస్టర్లకు విడగొడతారు. యూరోపియన్లు అడుగుపెట్టక ముందు నుంచి 1877 దాకా ఒకటి, అక్కడి నుంచి ఇప్పటిదాకా ఇంకొకటి. విశాఖలో ఎంపీసీ చదివి, పదో తరగతి సోషల్‌తోనే చరిత్రకు దండం పెట్టేసిన పిల్లలు ఆ మొదటి సెమిస్టర్‌లోనే తడబడతారు. ఇంగ్లీషు బాగానే వచ్చు, పేజీలూ నిండుతాయి, అయినా పేపరు మీద సీ ప్లస్, పక్కన "ఇది సమ్మరీ. మీ వాదన ఎక్కడ?" అని ఒక ముక్క. ఈ పోస్టు ఆ ముక్క గురించే. ఇక్కడే ఎంఏ హిస్టరీ చదువుతూ అమెరికా మీద సెమినార్ పేపరు రాసేవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

మన పరీక్షల్లో "అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కారణాలు, ఫలితాలు వివరింపుము" అని అడుగుతారు. సైడ్ హెడింగులు పెట్టి, వాటి కింద గీతలు కొట్టి, పాయింట్లు వరసగా దింపేస్తే మార్కులు పడతాయి. ఆ పరీక్ష కొలిచేది జ్ఞాపకాన్ని కాబట్టి దానికి ఆ పద్ధతి సరిపోతుంది. అక్కడి ప్రాంప్ట్, అంటే ఎస్సేకి ఇచ్చే ప్రశ్న, అడిగే పని వేరు. "1767 నుంచి 1776 దాకా అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల్లో పెరిగిన వ్యతిరేకతకు డబ్బు పెద్ద కారణమా, సూత్రం పెద్ద కారణమా? కనీసం మూడు ప్రాథమిక ఆధారాలతో వాదించండి" అంటారు. ప్రాథమిక ఆధారాలంటే ఆ కాలంనాటి చట్టాలు, ఉత్తరాలు, బొమ్మల లాంటివి. దీనికి పది కారణాలూ రాసుకొస్తే, ప్రొఫెసర్‌కి అర్థమయ్యేది మీరు దేన్నీ ఎంచుకోలేదని.

థీసిస్ వాక్యం, అంటే మీ వాదనను చెప్పే వాక్యం, నిలబడుతుందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. విషయం తెలిసిన మనిషి దాన్ని చదివి "నేనొప్పుకోను, ఎందుకంటే..." అని మొదలుపెట్టగలరా? "బోస్టన్ టీ పార్టీ చాలా ముఖ్యమైన సంఘటన" అంటే ఎవరూ కాదనరు. కాదనేవాళ్లు లేని చోట వాదించడానికి ఏమీ మిగలదు.

ఒక ప్రశ్న పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. చాలా సిలబస్‌లలో కనిపించేదే: 1676 బేకన్ తిరుగుబాటు వర్జీనియాలో ఆఫ్రికన్ల బానిసత్వం గట్టిపడటానికి కారణమా? కథ క్లుప్తంగా ఇదీ. నథానియల్ బేకన్ అనే భూస్వామి, గవర్నర్ విలియం బర్క్‌లీ మీద తిరగబడ్డాడు. సెప్టెంబరు 19న రాజధాని జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. అక్టోబరు 26న బేకన్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు, తర్వాత కొద్ది నెలల్లో తిరుగుబాటు చల్లారింది. పాఠ్యపుస్తకాలు తరచూ ఇచ్చే జవాబు ఏమిటంటే, ఓడ ఛార్జీకి బదులు నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేసి విడుదలైనా భూమి దొరకని ఇంగ్లీషు కూలీలు, ఆఫ్రికన్లు కలిసి తుపాకులు పట్టేసరికి తోటల యజమానులు హడలిపోయారు, ఇక ఇంగ్లీషు కూలీలను మానేసి ఆఫ్రికన్ బానిసల వైపు మళ్లారు అని. పిల్లలు దీన్నే తమ మాటల్లో తిప్పి రాసి పంపేస్తారు. దానికి బీ దాటదు.

బీ నుంచి పైకి వెళ్లాలంటే ముందు తేదీలను ఒక కాగితం మీద నిలువుగా రాసుకోవాలి. 1640లో ముగ్గురు కూలీలు యజమాని దగ్గర నుంచి మేరీల్యాండ్ పారిపోయి దొరికిపోయారు. ముగ్గురికీ కొరడా దెబ్బలు పడ్డాయి. యూరోపియన్లు ఇద్దరికీ మొత్తం నాలుగేళ్ల చాకిరీ అదనంగా వేశారు. మూడోవాడు జాన్ పంచ్ ఆఫ్రికన్, అతనికి మాత్రం బతికున్నంత కాలం. 1656లో ఎలిజబెత్ కీ అనే స్త్రీ, తన తండ్రి ఇంగ్లీషువాడని కోర్టుకెక్కి స్వేచ్ఛ సంపాదించుకుంది. 1662లో వర్జీనియా అసెంబ్లీ, బిడ్డ బానిసా స్వతంత్రుడా అన్నది తల్లిని బట్టి తేలుతుందని చట్టం చేసింది. 1667లో బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిసత్వం పోదని ఇంకో చట్టం వచ్చింది. ఇవన్నీ 1676కు ముందువి. అటుపక్క 1698లో బానిసలను అమ్మే ఇంగ్లీషు సంస్థ రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం పోయి బానిస వ్యాపారం మిగతా వర్తకులకూ తెరుచుకుంది. 1705లో అప్పటిదాకా వచ్చిన చట్టాలన్నింటినీ కలిపి పెద్ద బానిస చట్టం చేశారు.

ఈ వరస ఎదురుగా పెట్టుకుంటే థీసిస్ దానంతటదే మారుతుంది: "వర్జీనియాలో బానిసత్వానికి చట్టపు పునాది బేకన్ తిరుగుబాటుకు దాదాపు పదేళ్ల ముందే పడింది. తిరుగుబాటు యజమానులకు భయం పుట్టించి ఉండొచ్చు గానీ, బానిసల సంఖ్య పెరగడానికి ఇంగ్లీషు కూలీల కొరత, 1698 తర్వాత తెరుచుకున్న వ్యాపారం ఎక్కువ కారణం." దీన్ని కాదనేవాళ్లు బోలెడుమంది ఉంటారు. అదే కావాలి.

పేరాగ్రాఫ్ ఎలా కట్టాలో 1662 చట్టం మీదే చూడండి. మొదటి వాక్యంలో మీ మాట ఉండాలి, అంటే "1662 చట్టం అప్పటిదాకా తెరిచి ఉన్న ఒక దారిని మూసేసింది" అన్నట్టు. తర్వాత ఆధారం ఏమిటో, ఎవరు చేశారో చెప్పాలి. ఆపైన చట్టంలోంచి ఒక్క ముక్క కొటేషన్ గుర్తుల్లో, మూడు నాలుగు పదాలు చాలు. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఇంగ్లండు ఆనవాయితీలో బిడ్డ హోదా తండ్రి నుంచి వచ్చేది, ఆ ఆనవాయితీ అండతోనే ఎలిజబెత్ కీ గెలిచింది, ఆరేళ్లకే అసెంబ్లీ దాన్ని తలకిందులు చేసింది. దీనివల్ల యజమానికీ బానిస స్త్రీకీ పుట్టిన బిడ్డ కూడా ఆ యజమాని ఆస్తి అవుతుంది. కోర్టులో ఎవరో గెలిచిన దారిని వెతికి మరీ మూశారంటే, 1662 నాటికే ఆ యజమానులు బానిసత్వాన్ని తరతరాల ఆస్తిగా చూస్తున్నారని వాదించవచ్చు. కొటేషన్ ఒక లైను, దాని మీద మీ వివరణ నాలుగు లైన్లు. ఈ నిష్పత్తి తిరగబడిన పేపర్లే ఎక్కువ. అరపేజీ కొటేషన్ దించి, "దీన్నిబట్టి తెలుస్తోంది" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు.

మీకు అడ్డొచ్చే ఆధారాన్ని దాచకూడదు. 1677 జనవరిలో చివరి తిరుగుబాటుదారుల చేత ఆయుధాలు దింపించడానికి వెళ్లిన కెప్టెన్ థామస్ గ్రాంథమ్, లొంగనివాళ్లలో 80 మంది ఆఫ్రికన్లు, 20 మంది ఇంగ్లీషువాళ్లు ఉన్నారని రాశాడు. మీ థీసిస్‌కు ఇది ఎదురుదెబ్బే. దీన్ని మీరే బయటపెట్టి, రెండు జాతుల కూలీలు కలిశారన్న మాట నిజమేనని ఒప్పుకుని, అప్పుడు బేకన్ 1676 జులై 30న వెలువరించిన ప్రకటన వైపు తిప్పండి. అందులో పన్నుల మీద ఫిర్యాదు ఉంది, గవర్నర్ తన మనుషులకు పదవులు కట్టబెడుతున్నాడని ఉంది, బీవర్ తోళ్ల వ్యాపారం గుత్తకు పట్టాడని ఉంది, ఇండియన్లను, అంటే అక్కడి స్థానిక జాతులను, వెనకేసుకొస్తున్నాడని ఉంది. చాకిరీలో మగ్గుతున్నవాళ్ల విముక్తి గురించి ఒక్క మాట లేదు. నాయకుడి కోరిక ఒకటి, చివరి దాకా నిలబడిన కూలీల కోరిక మరొకటి అయి ఉండొచ్చు. ఈ ఒక్క పేరాతో పేపరు ఒక గ్రేడు పైకి వెళుతుంది.

అయిదు పేజీలంటే డబుల్ స్పేసు, టైమ్స్ న్యూ రోమన్ 12, చుట్టూ అంగుళం మార్జిన్‌తో సుమారు 1,250 నుంచి 1,500 పదాలు. 1,500 అనుకుంటే ఉపోద్ఘాతానికి 150, నేపథ్యానికి 200, మూడు ఆధారాలకు తలా 300, ఎదురువాదానికి 150, ముగింపుకు 100 పెట్టుకోండి. మనవాళ్లు నేపథ్యానికే 700 తగలేస్తారు, కొలంబస్ 1492 నుంచి ఎత్తుకుంటారు. బేకన్ మీద పేపర్లో కొలంబస్‌కు పనేం లేదు.

ఇక ప్రాథమిక ఆధారాన్ని చదవడం. దీనికి అందరూ ఇచ్చే నమూనా బోస్టన్ వెండి పనివాడు పాల్ రివియర్ చెక్కిన బోస్టన్ కాల్పుల చిత్రం. 1770 మార్చి 5 రాత్రి కింగ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ సైనికులు గుంపు మీద కాల్పులు జరిపారు, అయిదుగురు పోయారు. మూడు వారాలు తిరిగేసరికి రివియర్ చిత్రం అమ్మకానికి వచ్చింది. ప్రాంప్ట్ సాధారణంగా "ఈ చిత్రం సంఘటనను ఎలా చూపిస్తోంది?" అని ఉంటుంది. "సైనికుల క్రూరత్వాన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తోంది" అని రాస్తే మీరు చిత్రం చెప్పింది నమ్మేశారన్నమాట.

చిత్రాన్ని పెద్దది చేసుకుని మూల మూలా చూడండి. సైనికులు కవాతులో లాగా ఒకే వరసలో నిలబడి ఒకేసారి పేలుస్తున్నారు. కెప్టెన్ థామస్ ప్రెస్టన్ వాళ్ల వెనక నిలబడి కత్తి పైకెత్తి ఆజ్ఞ ఇస్తున్నాడు. వాళ్ల వెనకున్న కస్టమ్స్ భవనం మీద "బుచర్స్ హాల్" అని బోర్డు, అంటే కసాయి కొట్టు. జనం చేతుల్లో కర్రల్లేవు, మంచు గడ్డల్లేవు. నేల మీద మంచు జాడే లేదు. రాత్రి తొమ్మిది దాటిన వేళ అన్న మాటకు పైన నెలవంక తప్ప సాక్ష్యం లేదు. చనిపోయినవాళ్లలో క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, స్థానిక జాతుల సంతతివాడు. చిత్రంలో ఆయన్ను అలా గుర్తుపట్టలేం. ఇక ఈ బొమ్మ రివియర్ సొంతం కూడా కాదు, హెన్రీ పెల్హమ్ గీసినదాన్ని చూసి చెక్కాడు. అడక్కుండా వాడుకున్నాడని పెల్హమ్ ఉత్తరం రాసి మరీ ఏకిపారేశాడు.

ఇప్పుడు దీని పక్కన ప్రెస్టన్ జైల్లోంచి ఇచ్చుకున్న వాంగ్మూలం పెట్టండి. తాను సైనికుల తుపాకులకు ముందు, గుంపుకు ఎదురుగా నిలబడ్డానని, కాల్చమని అనలేదని అతని మాట. బొమ్మలో వెనక, వాంగ్మూలంలో ముందు. ఒక మనిషి ఎక్కడ నిలబడ్డాడన్న చిన్న తేడా మీద ఆజ్ఞ ఇచ్చాడా లేదా అన్న పెద్ద ప్రశ్న వేలాడుతోంది. అలాగని ప్రెస్టన్‌దే నిజమని తీర్పివ్వకండి, ఉరి భయంతో ఉన్నవాడు తన ప్రాణం కోసం రాసుకున్నది అది. మూడో ఆధారంగా విచారణ ఉంది. జాన్ ఆడమ్స్ సైనికుల తరఫున వాదించాడు, ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు, ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురిని వదిలేశారు, ఇద్దరికి హత్య కాని నరహత్య కింద బొటనవేలి మీద వాత పెట్టి పంపేశారు. ఎస్సేకి మంచి ప్రశ్న "ఎవరు అబద్ధమాడారు" అన్నది కాదు. బోస్టన్‌లోనే కూర్చున్న జ్యూరీ వదిలేసిన మనిషిని, బోస్టన్‌లోనే అమ్ముడైన బొమ్మ హంతకుణ్ణి చేసింది. ఆ రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో ఎలా సాగాయి అన్నది అడగండి.

బోస్టన్ టీ పార్టీ దగ్గర మనవాళ్లు రెండు తప్పులు చేస్తారు, రెండూ పరువు తీసేవే. ఒకటి, 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో పారబోసిన 342 పెట్టెల టీ ఇండియాదని రాయడం. ఈస్టిండియా కంపెనీ అనగానే మన టీ అనుకుంటారు. అది మొత్తం చైనా సరుకు, అందులో ఎక్కువ భాగం బోహీ అనే నల్ల టీ రకం. అస్సాం టీ అమ్మకానికి రావడానికి ఇంకా అరవై ఏళ్లకు పైగా పట్టింది. రెండోది, 1773 టీ చట్టం కొత్త పన్ను వేసిందని రాయడం. పౌండు టీకి 3 పెన్నీల సుంకం 1767 నాటిది. 1770లో మిగతా టౌన్షెండ్ సుంకాలు (1767లోనే వలసల దిగుమతుల మీద వేసినవి) ఎత్తేసినా దాన్ని మాత్రం ఉంచేశారు. 1773 చట్టం చేసింది కంపెనీకి బ్రిటన్‌లో కట్టే సుంకం తిరిగివ్వడం, వలసలకు నేరుగా సరుకు పంపుకోనివ్వడం. అంటే టీ ధర తగ్గింది. ధర తగ్గితే జనం ఎందుకు పారబోశారు? ఈ ప్రశ్నే సగం ఎస్సే రాసిపెడుతుంది. దొంగ టీ తెచ్చుకుని బతికే వర్తకులున్నారు, కంపెనీ ఏజెన్సీ దక్కని వర్తకులున్నారు, చవక టీ కొంటే పార్లమెంటు పన్ను హక్కును ఒప్పుకున్నట్టే అని భయపడ్డవాళ్లున్నారు. ఎవరి కోపం ఎక్కువ తూగిందో తేల్చడం మీ పని.

ఇంకొన్ని చిన్న పొరపాట్లు వరసగా చెప్పేస్తాను. 1707లో ఇంగ్లండు, స్కాట్లండు ఒకటయ్యేదాకా బ్రిటిష్ ప్రభుత్వం అనకూడదు, ఇంగ్లీషు ప్రభుత్వం అనాలి. 1676లో 13 వలసలు లేవు, పెన్సిల్వేనియా 1681లో, జార్జియా 1732లో చార్టరు పొందాయి. మసాచుసెట్స్‌లోని సేలంలో 1692 నాటి మంత్రగత్తెల విచారణల్లో ఎవర్నీ తగలబెట్టలేదు, 19 మందిని ఉరితీశారు, ఒకణ్ణి బండలు మోపి చంపారు. 1752 సెప్టెంబరు 2 తర్వాత రోజు సెప్టెంబరు 14 అయింది, ఎందుకంటే బ్రిటన్, దాని వలసలు అప్పుడే కొత్త క్యాలెండర్‌కు మారాయి. అంతకుముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల మీద 1691/2 అని రెండేళ్లు కనిపిస్తాయి. అది అచ్చుతప్పు అనుకుని దిద్దకండి. స్థానిక జాతుల గురించి రాసేటప్పుడు పౌహటన్, పీక్వట్, వాంపనోగ్ అని ఆ జాతి పేరే వాడండి. అందరినీ ఒకే గంపలో వేస్తే, ఇంగ్లీషువాళ్లతో ఎవరు కలిశారో ఎవరు పోరాడారో మీకే తెలియకుండా పోతుంది. 1637లో పీక్వట్‌ల మీద దాడిలో మోహిగన్లు, నారగాన్సెట్‌లు ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉన్నారు.

జెఫర్సన్ బానిసల యజమాని, పైగా అందరూ సమానమని రాశాడు, కాబట్టి కపటి. ఈ ఎస్సే ప్రతి సెమిస్టర్‌లో గంపగుత్తగా వస్తుంది. కపటం ఉన్నమాట నిజమే, అక్కడితో ఆగిపోతే మాత్రం చరిత్ర లేదు. జెఫర్సన్ రాసిన స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని రాజు నెత్తిన రుద్దిన ఒక పెద్ద భాగం ఉంది, కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. దక్షిణ కరొలైనా, జార్జియాల కోసం తీసేశారని, ఉత్తరాదివాళ్లకూ అది ఇబ్బందేనని జెఫర్సనే తర్వాత రాసుకున్నాడు. చిత్తుప్రతి, తుదిప్రతి పక్కపక్కన పెట్టి, ఏది పోయిందో, ఎవరి కోసం పోయిందో రాయండి. తిట్టు కన్నా అది గట్టిగా తగులుతుంది.

జెఫర్సన్ అన్నాడని, ఫ్రాంక్లిన్ అన్నాడని వాట్సాప్‌లో తిరిగే సూక్తుల్ని పేపర్లో పెట్టకండి. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్, హామిల్టన్, మాడిసన్ కాగితాలను ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో దొరకని సూక్తిని వదిలేయడమే క్షేమం. చట్టాలు, ఒప్పందాలు, చార్టర్ల పాఠాలకు యేల్ యూనివర్సిటీవాళ్ల అవలాన్ ప్రాజెక్ట్ బాగుంటుంది. అసలు అచ్చు పేజీ చూసేటప్పుడు మాటల మధ్యలో ఎఫ్ లాగా కనిపించే పొడుగు అక్షరం ఎస్ అని గుర్తుంచుకుంటే చాలు.

కాపీ దగ్గర తెలివి పనిచెయ్యదు. ఒక్కో పదాన్ని మార్చుకుంటూ పోయిన పేరాను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ పట్టుకుంటుంది, అది పట్టకపోయినా ప్రొఫెసర్ పట్టుకుంటారు, ఎందుకంటే వాక్యం ఎముకలు అలాగే ఉంటాయి. మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. డాక్యుమెంట్ చదివి, మూసేసి, అందులో ఏముందో రూమ్మేటుకి తెలుగులో చెప్పండి. "ఏం లేదురా, బర్క్‌లీ తన చుట్టాలకీ పక్కాలకీ పదవులిచ్చాడంటున్నాడు" అన్నంత మామూలుగా. ఆ తెలుగులోంచి ఇంగ్లీషులోకి రాస్తే మూలం వాక్యం దగ్గరికి కూడా రాదు. ఫుట్‌నోట్ మాత్రం అప్పటికప్పుడే పెట్టాలి, వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే వస్తుంది. చరిత్రలో ఎక్కువమంది అడిగేది షికాగో పద్ధతి. మొదటిసారి పూర్తి వివరం, రెండోసారి నుంచి ఇంటిపేరు, పొట్టి శీర్షిక, పేజీ నంబరు. చాట్‌బాట్‌తో రాయించడం గురించి సిలబస్‌లో ఏముందో ముందే చదవండి. నియమం సంగతి అటుంచితే, అవి లేని ఉత్తరాలను, లేని పేజీ నంబర్లను నమ్మకంగా పుట్టిస్తాయి. అలాంటి ఒక్క ఫుట్‌నోట్ దొరికినా విషయం క్రమశిక్షణ కమిటీ దాకా వెళ్లొచ్చు.

చర్చల్లో మనవాళ్ల సమస్య వేరు. తెలిసి కూడా నోరు మెదపరు. అక్కడ మౌనాన్ని గౌరవం కింద లెక్కెయ్యరు, చదవలేదనుకుంటారు. 50 నిమిషాల క్లాసులో పాతికమంది ఉంటే మనిషికి రెండు నిమిషాలే, కాబట్టి ఉపన్యాసం అక్కర్లేదు. ముందురోజు అరకాగితం మీద మూడు రాసుకోండి: పేజీ నంబరుతో సహా ఒక వాక్యం, దాని మీద మీకొచ్చిన సందేహం, రచయిత వాదానికి ఒక అడ్డు. మొదటి పది నిమిషాల్లోనే ఒకటి అనేయండి. ఆలస్యమయ్యేకొద్దీ మీరు అనుకున్నది ఇంకొకరు అనేస్తారు. "14వ పేజీలో ఇలా ఉంది, దాన్ని నేనిలా అర్థం చేసుకున్నా, మీరు చెప్పినదానికి ఇది పొసగడం లేదు" అంటే చాలు, అవతలివాళ్లకు కోపం రాదు. ప్రొఫెసర్‌తో కూడా ఇలాగే విభేదించవచ్చు. మాటకు ముందూ వెనకా సార్ పెట్టడం మానేసి, ప్రొఫెసర్ అని ఇంటిపేరుతో పిలవండి.

కొన్ని క్లాసుల్లో 1787 రాజ్యాంగం మీద వేషాలు వేయిస్తారు, సగంమంది సమర్థకులు, సగంమంది వ్యతిరేకులు. వ్యతిరేకుల జట్టు పడితే ఓడిపోయే పక్షమని నీరుగారిపోకండి. రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాకు వచ్చిన 55 మందిలో సంతకం పెట్టింది 39 మందే. వర్జీనియాలో ఆమోదం 89-79, న్యూయార్క్‌లో 30-27. హక్కుల జాబితా లేదని సంతకం పెట్టని జార్జ్ మేసన్ అడిగిందే 1791లో హక్కుల బిల్లుగా వచ్చింది. ఆ జట్టుకు మాట్లాడటానికి కావాల్సినంత ఉంది.

విశాఖ నుంచి వచ్చామన్నది కూడా చర్చలో ఒక పెట్టుబడే, పొదుపుగా వాడితే. అమెరికా వలసల్లో కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మన ఉత్తర సర్కారుల మీద కంపెనీ మొఘల్ చక్రవర్తి నుంచి ఫర్మానా తెచ్చుకుంది. యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబరు 19న ఎవరి సైన్యం లొంగిపోయిందో ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తా వచ్చి, 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 రెగ్యులేషన్‌తో ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చి మన జమీందారుల నెత్తిన కూర్చుంది. ఇవి వింటే క్లాసు ఆసక్తిగా చూస్తుంది, కానీ ఒకే ఏడాది జరిగాయన్నంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు. దీనికన్నా గట్టి లంకె టీ దగ్గర ఉంది. 1773లో జాన్ డికిన్సన్ మారుపేరుతో రాసిన లేఖలో, బెంగాల్ కరువులో కంపెనీ ఏం చేసిందో చూడండి, రేపు మన గతీ అంతే అన్న ధోరణిలో హెచ్చరించాడు. పెన్సిల్వేనియా మనిషి బెంగాల్‌ను సాక్ష్యంగా పిలవడం కాగితం మీదే ఉంది కాబట్టి దాన్ని ఎస్సేలో పెట్టొచ్చు.

1780 అక్టోబరు 3న ఇక్కడే విశాఖపట్నంలో, మద్రాసుకు ఓడ ఎక్కమంటే కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. దీన్ని అమెరికా విప్లవానికి ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, గొలుసు కూడా కనిపిస్తుంది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికన్లతో ఒప్పందం చేసుకుంది. దాంతో ఫ్రాన్సుకూ బ్రిటన్‌కూ యుద్ధం మొదలై, అదే ఏడాది అక్టోబరులో పాండిచ్చేరి, 1779 మార్చిలో మాహే బ్రిటిష్ చేతికి పోయాయి. మాహే రేవు మీద ఆధారపడిన హైదర్ అలీ 1780 జులైలో కర్ణాటకం మీద పడ్డాడు. మద్రాసుకు సైన్యం కావాల్సి వచ్చి సర్కారుల్లోని సిపాయిలను పిలిచారు. అయితే హైదర్‌కు 1769 ఒప్పందం నాటి నుంచి కంపెనీ మీద వేరే కక్ష ఉంది, మరాఠాలతో పోరులో సాయం చేస్తామని చెయ్యలేదని. సిపాయిల గొడవ ఊరు విడిచి సముద్రం మీద వెళ్లడం గురించి. కాబట్టి "అమెరికా విప్లవం వల్ల విశాఖలో తిరుగుబాటు వచ్చింది" అని రాస్తే ప్రొఫెసర్ ఒక్క గీతతో కొట్టేస్తారు. "ఫ్రాన్సు యుద్ధంలోకి దిగడంతో అట్లాంటిక్ ఘర్షణ కోరమాండల్ తీరం మీద కంపెనీ సైన్యాల కదలికలను కూడా మార్చింది" అని రాసి, గొలుసులో ఒక్కో లంకెకు ఒక్కో ఫుట్‌నోట్ పెట్టండి. ఫుట్‌నోట్ దొరకని లంకె దగ్గర ఆ వాక్యాన్ని ఆపేయండి.